ఇసుక ఆరబెట్టేవాడు

ఎడారిలో ఇసుక ఆరబెట్టడం నా ఉద్యోగం.
చెబితే రూములో అందరూ నవ్వుతారు.
చేపల మార్కెట్లో పనిచేసే ఓబులరెడ్డి అయితే
"సముద్రంలో నీళ్లు పోసే పని ఖాళీ ఉంటే
నాకూ చూడబ్బా" అంటాడు.

అమ్ఘరా తుక్కు యార్డు వెనక మా ఫైర్ షెడ్డు.
ఒక బండి, ఆరు హెల్మెట్లు,
నీలం రేకు మీద పల్చగా పరిచిన ఇసుక.
మధ్యాహ్నం రెండుసార్లు పారతో తిరగేస్తాను.
గాలి సముద్రం వైపు నుంచి మళ్లకముందే
జల్లించి, డబ్బాల్లో పోసి, మూతలకు టేపు చుడతాను.

చెమ్మ కంటికి కనబడదు,
చెవికి వినబడుతుంది.
కువైట్‌లో నేర్చింది కాదిది.
రాయచోటిలో మా జేజి నాగసుబ్బమ్మ
బొరుగుల బట్టీ ముందు కూర్చుని
ఇసుకను గరిటెతో ఎత్తి మంగలంలోకి వదిలేది.
"సరసరమంటే బియ్యం పొయ్యి.
గుసగుసమంటే తడుండాదిరా, ఉండు."

ఆగస్టు. రాత్రి ఒంటిగంట.
గాలి తడిగుడ్డలా ముఖానికి అతుక్కునే వేళ.
నంబరు ప్లేటు పీకేసిన జర్మనీ కారు ఒకటి
కట్టర్ రవ్వకు అంటుకుంది.
మొదట మామూలు మంటే. సీట్లు, వైర్లు, రబ్బరు,
నల్లటి పొగ, మనకు తెలిసిన ఎరుపు.
గాలికి ఎదురు కాకుండా, బంపరుకు ఎదురు కాకుండా
మూల నుంచి వెళ్లాం. ఎరుపు తగ్గింది.

"అయిపోయింది" అన్నాడు గుంజమాన్.
పోఖరా దగ్గరి పిల్లోడు, చేరి నాలుగు నెలలు.
బానెట్ కిందికి పైపు ఇంకాస్త వంచాడు.

అప్పుడు లేచింది తెలుపు.

యార్డులో ప్రతి తుక్కు బండికీ నీడ మొలిచింది.
నీళ్లు తాగి బలిసే మంట,
పోసిన కొద్దీ పేలాల్లా రవ్వలు.
"మోయా బంద్! బంద్ కరో!" రిఫాత్ అరుపు.
అందులో ఏ భాషలున్నాయో గాని తెలుగు లేదు.
"చూడొద్దురా, కళ్లు దించు" అంటూ
గుంజమాన్ మెడ వంచాను, తెలుగులోనే.
వాడు దించాడు.

గేర్‌బాక్సు తొడుగు మెగ్నీషియం.
బండి తేలిగ్గా ఉండాలని పెడతారట.

పసుపు సిలిండర్లో పొడి రెండు నిమిషాలు రాలేదు.
ఇక ఇసుకే.
గేటు దగ్గరి కొత్త బస్తాను ఎవరో మోసుకొస్తున్నారు.
గుప్పెడు తీసి చెవి దగ్గర నలిపాను.
గుసగుస.
"ఇది వద్దు!"
తడి ఇసుక వేసినా ఒకటే, బాంబు వేసినా ఒకటే.
నా డబ్బా టేపు పళ్లతో చింపాను.
సరసర.

విసరలేదు. విసిరితే కరిగిన లోహం లేచి చిందుతుంది.
పొడుగు కర్ర పారతో, అంచుల నుంచి లోపలికి
పొర మీద పొర వదులుకుంటూ పోయాను,
జేజి వదిలినట్టే.
తెలుపు పసుపైంది.
ఇసుక కింద కాసేపు ఏదో గొణిగింది.
పదకొండు డబ్బాలు పట్టింది.

"ఆరిందా?"
కప్పడం వేరు, ఆరడం వేరు.
పక్క బండ్లను దూరంగా లాగేసి
పురిటి గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం.
తెల్లారి గుంజమాన్ ఒక పెచ్చును బూటుతో తట్టాడు.
దాని కింద ఒక చుక్క తెలుపు
కన్ను తెరిచి వాణ్ణి చూసింది.
మళ్లీ పారెడు ఇసుక.

పొద్దున ఫోనులో చెల్లెలు.
ముక్కు ఉండాల్సిన చోట నాణెమంత ఆకుపచ్చ మచ్చ.
పక్కకు చూస్తే పక్కకు వస్తుంది.
"ఏందన్నా అట్టా చూస్తాండావ్?"
"నిద్రల్యా" అన్నాను.

ఎండ ఎక్కుతోంది.
గేటు దగ్గరి తడి బస్తాలు ఈడ్చుకొచ్చి
రేకు మీద ఒక్కొక్కటే విప్పుతున్నాను.
గుంజమాన్ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే.
గుప్పెడు తీసి చెవి దగ్గర నలుపుతూ
చాలాసేపు నిలబడ్డాడు.
ఏమీ అనలేదు.
పార అందుకున్నాడు.