వెయ్యీ ఆరు

దామలచెరువు మండీలో రాత్రి రెండున్నర.
చెంగల్రాయులు గారి గుమాస్తా గదిలో
ఫ్యాను కింద కాదు, ఫ్యాను పక్కన నేను.
కింద కూర్చుంటే కాటా చీటీలన్నీ ఎగిరి నా మీదే పడతాయి.

పేజీ బాగానే తెరుచుకుంది.
"చెంగల్రాయులు గారూ, నమస్కారం" అని పేరు పెట్టి పిలిచింది కూడా.
అంటే లాగిన్ ఉంది, కుకీ ఉంది, గుర్తు పట్టింది.
రేటు మాత్రం రాదు.
రేటు తెచ్చే సాకెట్టు తెరుచుకోకముందే మూసుకుంటుంది.
ఎందుకే అంటే, వెయ్యీ ఆరు అంటుంది బ్రౌజరు.
వెయ్యీ ఆరు అంటే:
ఏదో అయింది, ఏమైందో నీకు చెప్పను.

ఐదు సెకన్లకోసారి మళ్ళీ తడుతుంది.
మళ్ళీ వెయ్యీ ఆరు.
కిటికీలోంచి
వరిగడ్డి కింద మాగుతున్న కాయల వేడి.

టోకెను హెడర్లో పెట్టి పంపుదామంటే
బ్రౌజరు సాకెట్టుకు చేతులు కట్టేసి ఉంటాయి;
కుకీ ఒక్కటే దాని కొంగున ముడేసిన చిల్లర.
సేమ్‌సైట్ మార్చాను. సెక్యూర్ తీశాను. మళ్ళీ పెట్టాను.
ఆరిజిన్ జాబితా అక్షరం అక్షరం చదివాను.
సర్వరు లాగులో అదే వరస:
నాలుగొందల ఒకటి, కుకీ రాలేదు.
నాలుగొందల ఒకటి, కుకీ రాలేదు.
ఉంది కదే! ఇదిగో, కళ్ళ ముందే ఉంది కదే!

తెల్లారుజామున వెనక గేటు దగ్గర కేకలు.
గుడియాత్తం నుంచి ఖాళీ లారీ. డ్రైవరు సెల్వరాసు చేతిలో చీటీ.
హేమాద్రి టార్చి వేసి చూసి, తిప్పి ఇచ్చేశాడు.
"పోగూడదు."
"ఏం సార్, ఇదే మండీ గదా, ఇదే సీలు గదా?"
హేమాద్రి బీడీ ముట్టించుకున్నాడు.
నేను దిగి పోయి అడిగితే గానీ నోరు విప్పలేదు:
"అది రోడ్డు గేటు చీటీ మ్మా. ఈ గేటుకు చెల్లదు.
లోపల యార్డు ఒకటే అయితే మాత్రం?"

మెట్లు రెండేసి ఎక్కాను.
పేజీ తెరిచింది పేరుతో. సాకెట్టు తడుతున్నది నంబరుతో.
రెండూ ఒకే డబ్బా,
ఈ బల్ల కింద, నా కాలికి వెచ్చగా తగిలే డబ్బా.
కుకీకి ఇల్లు తెలీదు. పిలిచిన పేరొక్కటే తెలుసు.
ఆ నంబరు రాసింది ఎవరో కాదు, మార్చిలో నేనే,
"ఇప్పటికి ఇది చాల్లే" అనుకుని.

ఒక్క వరస మార్చాను.
నూటొకటి.
తాంబూలంలో పెట్టిన అంకెలాగా, పచ్చగా, నూటొకటి.

ఏడింటికి బోర్డు వెలిగింది.
తోతాపురి, టన్ను: ఏడు వేలు.
కాసేపటికి ఆరున్నర. చూస్తుండగానే ఆరు.
పేజీ తిప్పనక్కర్లేదు, దానంతటదే పడుతుంది.

పులిచర్ల నుంచి ట్రాక్టరు తోలించుకొచ్చిన మునిలక్ష్మమ్మ
బోర్డునీ చూసింది, నన్నూ చూసింది.
"దీనికేనా మ్మే, రేత్రంతా మేలుకోనుండావు?
తగ్గిందని చూపిస్తాది, సరే. ఎందుకు తగ్గిందో జెప్పదా?"

చెప్పదు. అది నా చేతిలో లేదు.
ఆమె కాయలు సెల్వరాసు లారీకే ఎక్కాయి,
ఐదు వేల తొమ్మిదొందలకు.

పైకొచ్చి, సర్వరులో కాదనే చోటు తిరగరాశాను.
కుకీ లేకుండా వచ్చినా సరే, ముందు తలుపు తియ్యి.
రానీ, నిలబడనీ.
ఏ గేటు చీటీ కావాలో
తెలుగులో ఒక్క ముక్క చెప్పు.
ఆ తరవాత మూసెయ్.