పదకొండు కౌంటు

కడియపులంకలో కొన్నాను.
నూట ఎనభై అన్నాడు, నూట యాభైకిచ్చాడు.
నల్ల కవరులో మోకాలెత్తు పుల్ల,
వంకాయ తొక్క రంగులో ఆరే ఆరు ఆకులు.
"ప్లమ్మండి. చలిదేశపు చెట్టు.
ఆకు అందానికి పెంచుకోండి, పువ్వు మాత్రం నన్నడక్కండి"
అన్నాడు అంట్లు కట్టే నూకరాజు,
బొటనవేలి గోరు కింద పచ్చగా ఉన్నవాడు.

ఉండిలో మా జాగా సెంటున్నర.
పార పెడితే రెండడుగులకే నీరు.
అందుకని ముందు దిబ్బ పోశాను.
చెరువు గట్టు మట్టి కాదు, అది ఉప్పు;
కాలవ పూడిక, ఇంత ఇసుక, ఊక బూడిద.
వానొస్తే మా ఇంటికే లేని మెరక
దానికుంది.

రెండేళ్ళూ ఆకులే.
"పుయ్యదు, కాయదు, ఎందుకే దీనమ్మా,
ఆ చోట మునగ వేస్తే పులుసులోకైనా వచ్చును గదా"
అంది పక్కింటి అచ్చియమ్మ.
నిజమే. మునగ వేశాను, గోడ పక్కన.
దీన్ని పీకలేదు.

చలి కావాలన్నాడు కదా.
చలి నాకు తెలుసు.
తొమ్మిదేళ్ళుగా రొయ్యల షెడ్డులో
తల తీసి, తొక్క ఒలిచి, నరం లాగి
ఐసులో చేతులు పెట్టుకు బతుకుతున్నదాన్ని.
షిఫ్టు దిగాక సగం ఐసు మురుక్కాలవకే పోతుంది.
కొంచెం అడిగాను.
సూపర్‌వైజరు గోడకేసి చూశాడు.

మార్గశిరంలో
నూకరాజు ఫోన్లో చెప్పినట్టే నీళ్ళు ఆపాను,
ఆకులన్నీ నా చేత్తోనే దూసేశాను.
అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.
ఆ తర్వాతది నా సొంత వైద్యం:
రాత్రి పదింటికి సర్వీసాటోలో, ఒళ్ళో థర్మాకోల్ పెట్టె,
దిగీ దిగగానే కవర్లలో ఐసు, కొమ్మకొక కవరు.
తెల్లారేసరికి నీళ్ళ తిత్తులు వేలాడేవి.
చెట్టుకి సెలైను ఎక్కిస్తున్నారనుకున్నారు వీధి పిల్లలు.

నలభై రోజులు.

మాఘంలో ఓ పొద్దున
గేటు తీస్తుంటే
ఆకు ఒక్కటీ లేని ఉత్త కొమ్మ మీద
లేత గులాబీ రంగు. అయిదు రేకలు.
చిటికెనవేలి గోరంత.
వాసనుందో లేదో తెలీలేదు,
నా చేతులనిండా రొయ్య వాసనే.

లెక్కపెట్టాను. పదకొండు.
"అంతేనా?" అంది అచ్చియమ్మ.
అచ్చియమ్మకేం తెలుసు,
కేజీకి వంద తూగితే చిల్లర రకం,
ముప్ఫై తూగితే ఓడెక్కుతుంది.
కౌంటు తగ్గేకొద్దీ రేటు.
పదకొండు కౌంటు
నేనింతవరకూ ముట్టుకోలేదు.

"ఐసుకి కాదండి, ఆకు దూసినందుకు పూసింది"
అన్నాడు నూకరాజు.
అయ్యుండొచ్చు.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది.
గొడుగు తెచ్చి దాని మీద పట్టుకు నిలబడ్డాను,
షిఫ్టుకి ఆటో వచ్చేదాకా.