జంగు

ఆటోనగర్ రేకుల షెడ్డుల
డెబ్బై ఎనిమిది నాటి ఫియట్ కింద
వెల్లకిల పండుకొని
జహీరుద్దీన్ స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వింటున్నడు.
ఖంగుమంటే ఇనుము.
గుల్లగ పలికితే, "ఇగ కోసుడే బేటీ."

కాళ్ళకాడి మ్యాటు లేపితే
ఎనుమాముల మార్కెట్టు లేచింది:
ఎన్నటివో మిరప గింజలు, గోనెసంచుల చెమ్మ,
వాటి కింద అరచేయంత ఎర్రగా తిన్న రేకు.
ఇద్దరం తుమ్మినం.

పైనుంచి నల్ల పెయింట్ కొట్టేస్తే కనబడదు కదా, అన్న.
"కనబడదు. తింటనే ఉంటది."

వైరు బ్రష్షుతో పొడి రాలిందాక గీకిండు.
గీకినా పోని మొండిదాని మీదనే మందు.
చూస్తుండగనే ఎరుపు ఊదాయె, ఊదా నలుపాయె.
మెరిసే రేకు మీద వద్దన్నడు,
జంగు లేనిచోట ఈ మందుకు పనిలేదట.

అంతల ములుగు దిక్కు మబ్బు.
ఎపాక్సీ డబ్బా మూత మళ్ళ బిగించిండు.
చెమ్మ మీద పూస్తే పూత కిందనే మొలుస్తదని
రెండు రోజులు ఆగమన్నడు.
ఐదైనయి.

ఆరోనాడు రెండు పూతలు.
కలిపిన ప్రైమర్ రేపటికి రాయైతదని
అడుగున మిగిలింది
షెడ్డు తలుపు గొళ్ళేనికి పూసిండు.

దాన్ని గీకనే లేదు.