కూవం దాటేదాకా

బస్సు నేపియర్ వంతెన ఎక్కగానే
మాటలు ఆగిపోతాయి.
పూలమ్మే ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం.
కండక్టర్ నోట్లో విజిల్ ఉంది, ఊదడు.
నేనూ ఊపిరి బిగబట్టి లెక్కపెడతాను,
ఇరవై ఒకటి, ఇరవై రెండు...
మధ్యలో ఆగామా, ఓడిపోయినట్టే.

నా ఉద్యోగమూ ఊపిరితోనే.
రాయపురం ఆసుపత్రి, మేడ మీద చివరి గది.
నోటికి అట్టగొట్టం, ముక్కుకి క్లిప్పు,
రోజుకి నలభై మందిని బతిమాలతాను
సగం అరవంలో, సగం తెలుగులో:
ఊదండి, ఊదండి, ఊదండి,
ఇంకా ఉంది లోపల, ఊదండి.

నిన్న గరికిన దానయ్య వచ్చాడు.
భీమిలి నుంచి కాశిమేడుకి, ముప్పై ఏళ్లు లాంచీ మీద.
డీజిల్ పొగ, చుట్ట పొగ,
ఛాతీ పీపాలా ఉబ్బి ఉంది.
ఊదితే తెర మీద గీత లేచి
రెండడుగులు వేసి చతికిలబడింది.
"గాలి లోపలికెలతంది తల్లే,
బయటికి రానంతంది,
ఇల్లరికం అల్లుడి లాగ."

రెండోసారికీ మూడోసారికీ మధ్య
అలుపు తీర్చుకుంటూ చెప్పాడు.
పులికాట్ దాటాక ఓ రాత్రి, ఇంజను ఆపి పడుకుంటే
పడవ పక్కన ఎవరో పెద్దాయన
నిట్టూర్చినట్టయిందట.
తిమింగలం.
"ముందు వొదిలింది తల్లే. పీల్చడం ఆనక.
నా లుంగీ తడిసిపోనాది.
కంపంటే కంపా?
మీ కూవం దాని ముందు మల్లెపూలు."

నేను చదువుకున్నదీ అదే, పరీక్ష కోసం.
ఒక్క వదులుతో అది దాదాపు ఖాళీ అయిపోతుంది.
మనకి మాత్రం అడుగున పాతగాలి
చద్దికుండలో నీళ్లలా మిగిలే ఉంటుంది.
అది ఊపిరిని ఛాతీలో దాచుకోదు,
నెత్తుట్లో దాస్తుంది, కండలో దాస్తుంది,
ఆ కండ నల్లబడేంతగా.
లోతుకి పోయేకొద్దీ గుండె నింపాదిస్తుంది,
ఊపిరితిత్తులు గొడుగులా ముడుచుకుంటాయి.
ముడుచుకోవడం దానికి నామోషీ కాదు.

ఇంకొకటి: దానికి ఊపిరి దానంతట అది ఆడదు.
ప్రతిసారీ గుర్తుపెట్టుకుని పైకి రావాలి.
అందుకే మెదడు సగం నిద్రపోతే
సగం కాపలా ఉంటుంది.
మా చిన్నదాని గొంతులో పిల్లికూతలు మొదలైన రాత్రి
నేనూ అంతే.
ఒక కన్ను దిండుకి, ఒక కన్ను ఇన్‌హేలర్‌కి.

"పెదాలు సున్నాలా చుట్టి,
వేడి టీ చల్లార్చినట్టు, మెల్లిగా వదలండి."
"తిమింగలం లాగా?"
"తిమింగలం లాగే."
అబద్ధం. అది రెప్పపాటులో పేల్చేస్తుంది.
ఆయనకి అంత వడి పనికిరాదు.
నాలుగోసారి గీత కాస్త దూరం నడిచింది.
డాక్టరు మందు మార్చేటంత కాదు.
అయినా దానయ్య తెరని చూసి
వలలో ఏదో కదిలినట్టు ముందుకి వంగాడు.

ఇవాళ బస్సు సరిగ్గా వంతెన నడుమ ఆగింది.
ముందు ఏదో ఊరేగింపు.
ముప్పై తొమ్మిది. నలభై.
చెవుల్లో గుండె చప్పుడు.
కింద నల్లటి నీళ్లు,
అవతల, కనుచూపు మేరలో, సముద్రం.

ముందు వదిలాను.
గట్టిగానే వదిలి ఉంటాను.
పూలమ్మే ఆవిడ ఉలిక్కిపడి చూసి
నవ్వుతూ తన కొంగూ దించేసింది.

కంపు. మల్లెలు. మళ్లీ కంపు.
కండక్టర్ విజిల్ ఊదాడు.