పదమూడో ఎక్కం

నరోమైన్. జూలై పొద్దున.
హ్యాంగరు రేకుల మీద మంచు ఇంకా కరగలేదు.
పాత సెస్నా ముక్కు మీద చెయ్యేసి
లోర్నా హికీ అంది:
"నేను నోరు తెరిస్తే చాలు వకుళా,
దీనికి కళ్లు పోతున్నాయి."

నవ్వలేదు నేను.
పానా పక్కన పెట్టి రాసుకున్నాను:
మాట్లాడితే చూపు పోతుంది.
మాట ఆపితే, కాసేపటికి, వస్తుంది.

ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి
దిగివచ్చే కబురు అది.
అరిగి అరిగి ఇక్కడికొచ్చేసరికి
వినే పెట్టె తన లోపలి రొదకన్నా పలచన.
దాన్ని పోగొట్టడానికి శత్రువు అక్కర్లేదు,
ఇంట్లోవాళ్లు దగ్గితే చాలు.

ముందు అనుమానం ఫోన్ ఛార్జర్ మీద.
ఆరు డాలర్లది. పీకేశాను. కాదు.
తలమీది ఎల్ఈడీ దీపం. పీకేశాను. అదీ కాదు.
లోర్నా మైకు నొక్కింది: "ఒకటి, రెండు, మూడు..."
తెర మీద గీతలు ఆరిపోయాయి
కరెంటు పోయిన వీధిలో కిటికీల్లా.

ఆమె మాట్లాడే ఛానెల్
నూటఇరవైఒకటి పాయింట్ రెండు.
రెక్క అడుగున సుద్దముక్కతో గుణించుకుంటూ పోయాను.
పన్నెండు దాకా ఏమీ లేదు.
పదమూడో మెట్టు మీద
పదిహేను వందల డెబ్బై అయిదున్నర, ఆపైన కాస్త:
ఉపగ్రహాలు వచ్చి నిలబడే గడప.
బళ్లో పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోయినదాన్ని నేను.
ప్రతి మాటకీ ఒక పదమూడో నీడ ఉంటుందట,
అన్నవాళ్లకి కనిపించదు.

మరి ఇంత పెద్దది చేస్తున్నదెవరు?

తోక దగ్గర నారింజరంగు పెట్టె.
విమానం కూలితే కేక వెయ్యాల్సింది.
పదేళ్లుగా ఒక్క కేకా వెయ్యకుండా కూర్చుని
పక్కవాళ్ల మాట పట్టుకుని
ఇంకో గొంతుతో తిప్పి చెబుతోంది.
కంచే చేను మేసిందనబోయి ఆగాను.
దానికి ఆకలి లేదు పాపం.
వినడమొక్కటే పనైనదానికి
విన్నది కడుపులో దాగదు.

వేలెడంత ఫిల్టరు.
కేబుల్ విప్పి మధ్యలో బిగించాను.
యాంటెన్నా నాలుగడుగులు జరిపితే ఇంకా మేలు,
దానికి కాగితాలు కావాలి, సంతకాలు కావాలి,
సంతకం పెట్టే ఆయన డబ్బో నుంచి గురువారం గాని రాడు.

లోర్నా మళ్లీ నొక్కింది. గీతలు కదల్లేదు.
నమ్మలేదు. అంకెలైపోయాక
పాలు, రొట్టె, కుక్క మందు, గొర్రెల కంచెకి తీగ అంటూ
సరుకుల చీటీ అంతా చదివింది.
పన్నెండు ఉపగ్రహాలు
రెప్ప వెయ్యకుండా నిలబడి ఉన్నాయి.

లాగ్‌బుక్కులో రాశాను: ఫిల్టరు ఒకటి అమర్చడమైనది.
సుద్దలెక్క తుడవడం మర్చిపోయాను.
మధ్యాహ్నం అది బర్క్ వైపు ఎగిరిపోయింది,
రెక్క కింద,
తలెత్తి చూసిన గొర్రెలకి మాత్రమే కనిపిస్తూ.