కిటికీ ఏసీ శ్రుతి

జుమా బజారులో, విరిగిన ట్రెడ్‌మిల్లుల పక్కన
మూడు కాళ్ళు నేలమీద, నాలుగోది ఇటుకమీద
పెట్టుకొని నిలబడి ఉంది.
"ఏందప్పా ఇది, కుట్టుమిషనా?" అన్నాడు పీరయ్య.
కాదు బామ్మర్దీ,
నాటకాల హార్మోనియం. తొక్కుడుది.

వెనక చెక్కమీద తెల్లరంగు అక్షరాల్లో
"నాట్యమండలి" ఒక్కటే మిగిలింది.
దాని ముందున్న ఊరిపేరును ఉప్పుగాలి నాకేసింది.
ఏ ఏడాది ఏ కంపెనీ వచ్చిందో,
పోతూ పోతూ దీన్నెందుకు వదిలిందో
సూడాన్ ముసలాయనకేం తెలుసు?
పద్నాలుగు దినార్లని మొదలుపెట్టి ఆరుకిచ్చాడు.

నీళ్ళ క్యాన్ల వ్యానులో ఫర్వానియా దాకా.
లిఫ్టులో పట్టలేదు.
నాలుగంతస్తులు, నేనూ పీరయ్యా,
మలుపు మలుపుకీ అది ఒక మూలుగు మూలిగేది
ఎవరూ తాకకుండానే.

తిత్తి విప్పితే గుప్పెడు ఇసుక,
అర్దళం పొట్లం ఒకటి, పచ్చగా గడ్డకట్టి,
మడత మడతగా చెల్లని పావు దినారు నోటు.
ఎవడో "వన్స్ మోర్" అని అరిచి
చదివించి ఉంటాడు.

లీకులు పట్టడం నా వృత్తి.
పదకొండేళ్ళుగా రాగి గొట్టాలకు సబ్బునురగ పూసి
బుడగ లేచిన చోట వేలు పెట్టేవాణ్ణి.
నురగ గిన్నెతో నేను కూర్చోగానే
"తోలు తడుపుతావా, బుద్ధుందా?" అని
నాగూరమ్మ ఊదొత్తి వెలిగించింది.
తను తొక్కుతుంటే
పొగ ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ చిల్లు.
ఇరవై మూడు.
అబాయాలు కుట్టగా మిగిలిన నల్లగుడ్డ
రెండు పొరలు, మధ్యలో జిగురు.
కొత్త తిత్తి మా ఇంటి ఆడవాళ్ళలాగే
నల్లముసుగులో గట్టిగా ఊపిరి తీసింది.

మెట్ల కింద మెత్త చెదలు తినేసింది.
తలగడ కోసి దూది తీశాను.
మా అబ్బ దూదేకేవాడు,
ఆ వింటినారి టయ్‌టయ్ చప్పుడుకి
పాలు తాగే బిడ్డలు నిద్రపోయేవాళ్ళట.
నేనెన్నడూ ఏకలేదు.
అయినా వేళ్ళు వాటంతటవే విడదీశాయి.

రీడ్లు హసీనావి. తొమ్మిదో తరగతి.
ఫోను ముందు పెట్టుకొని, బ్లేడుతో,
కొనలో గీకితే పైకి, మొదట్లో గీకితే కిందికి,
పరీక్షలకి కూడా అంత వంగి కూర్చోలేదు.
మూడోరోజు రాత్రి విసుక్కుంది:
"నాయనా, ఈ ఫోను రీడును వినడంల్యా.
ఏసీని వింటాంది.
ఏసీ కూడా పాడతాంది సూడు!"

ఆగస్టు. బయట నలభై తొమ్మిది.
ఆపితే మనుషులం మిగలం.
ఆ గుర్రుమనే మోత తీసేయడం నాకు పది నిమిషాల పని,
ఊరందరి ఇళ్ళల్లో తీసేదే.
స్పానరు పట్టుకొని లేచాను.
చెవి ఒగ్గి విన్నాను.
మంద్రంలో షడ్జమం,
ఫోను చూపించే గీతకి వెంట్రుకవాసి దిగువ,
కదలదు, అలవదు, జీతం అడగదు.
స్పానరు పెట్టెలో పెట్టేశాను.
"అమ్మాయీ, అన్నీ మళ్ళీ దించు,
దీనికి కలుపు."
హసీనా నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

పీరయ్యకి వచ్చినవి పద్యాలు రెండు.
చిన్నప్పుడు తెరతాడు లాగుతూ నేర్చినవి,
రెండోది సగమే.
నాగూరమ్మ తొక్కింది. కుట్టుమిషను కాలు, తాళం తప్పదు.
నేను మెట్లు వెతుక్కుంటూ వెనక వెనక.
రాగం తీసి తీసి వాడు
గ్యాసు సిలిండరు మీద చెయ్యేసి నిలబడ్డాడు
రథం మీద నిలబడ్డట్టు.

డిసెంబరులో ఏసీ కట్టేశాం.
ఒక శుక్రవారం పీరయ్య మొదలెట్టి
రెండో పాదంలో ఆగిపోయాడు.
"ఏందో బోసిగా ఉందే."
గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ ఆగాడు.
నాగూరమ్మ ఏమీ అనకుండా లేచి
పదహారు మీద ఏసీ వేసి
అందరి మీదికీ తలా ఒక దుప్పటి విసిరి
వచ్చి తొక్కుడు చెక్కమీద కాలు పెట్టింది.

పళ్ళు టకటక కొట్టుకుంటుండగా
పీరయ్య రెండో పద్యం అందుకున్నాడు,
తనకొచ్చిన సగం.