ఉప్పు ఇసుక

బెయిరాలో వానలు తెరిపిచ్చాక
దోనా జుల్మీరా ఇంట్లో నేల పగలగొడుతున్నాను.
తెల్లారేసరికి చెమట పట్టే నేల.
చాప కింద బూజు,
గోడ మొదట్లో తెల్లగా ఉప్పు పూత.

సమ్మెట దెబ్బకి పెచ్చు లేచింది.
లోపల గవ్వలు.

"ఎవడు పోశాడో గానీ
వాడి చేతులు పడిపోను!" అంది, టీ ఇస్తూ.

నేను తలెత్తలేదు.
ఆ ఏడాది మా నాన్న
సముద్రపొడ్డు నుంచి రాత్రిళ్ళు
సైకిల్ మీద ఇసుక తెచ్చేవాడు.
మిగిలిన డబ్బులతో నాకు బూట్లు కొన్నాడు.

కంకర దిమ్మిస చేసి
ప్లాస్టిక్ పట్టా రెండు పొరలు పరిచాను,
అంచులు గోడ మీదికి మడిచి.
పుంగ్వే ఏటి ఇసుక లారీ వచ్చింది.
దాని లెక్క బిల్లులో రాయలేదు.

"మర్చిపోయావు, జెర్వాజియో."

"లేదు" అన్నాను,
పట్టా చిరక్కుండా
బూట్లు గుమ్మం బయటే విప్పుతూ.